ముందు పళ్లు పోయిన మంద

గొర్రెకు పైదవడలో ముందు పళ్లు ఉండవని చెబితే మా అపార్ట్‌మెంటులో ఎవరూ నమ్మరు. కింద ఎనిమిది పళ్లు, పైన గట్టిపడిన చిగుళ్ల మెత్త, అంతే. గడ్డిని ఆ మెత్తకు అదిమిపట్టి, తల ఒక్క విసురు విసిరి తెంపుకుంటుంది. పొద్దున పార్కులో నాతో నడిచే రిటైర్డ్ బ్యాంకు మేనేజరుకు ఒకసారి ఇదంతా వివరించాను. ఆయన నడక ఆపి, "అచ్ఛా, ఇన్నేళ్లు మీరు గవర్నమెంటు జీతం తీసుకున్నది గొర్రెల నోళ్లు తెరవడానికా?" అన్నాడు. కుక్కలవి తెరిచాను, గేదెలవి తెరిచాను, ఒకసారి ఒంటెది కూడా తెరిచాను. కానీ ఊరికే కూర్చున్నప్పుడు గుర్తొచ్చేవి ఆ గొర్రెల నోళ్లే. పశువైద్యంలోకి కొత్తగా వచ్చిన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే వాళ్ల కోసమే చెబుతున్నాను. మిగతావాళ్లు సరదాకి చదవండి.

మాది నల్గొండ వైపు, గొర్రెల కాపరుల ఇల్లు. నేను చదువుకుని గొర్రెల నుంచి తప్పించుకున్నానని మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. ఢిల్లీలో ఉద్యోగం అన్నప్పుడు నేనూ అదే అనుకున్నాను. కొన్నేళ్లు నగరం మధ్యలో పెద్దవాళ్ల కుక్కలకు సూదులు వేస్తూ హాయిగా గడిపాను కూడా. తర్వాత ఒక పెద్ద అధికారి కుక్కకు లావు తగ్గాలంటే బిస్కెట్లు మానిపించమని సలహా ఇచ్చాను. ఆ సలహా ఇంటావిడకు నచ్చలేదు. నన్ను తీసుకెళ్లి హర్యానా సరిహద్దులో, చుట్టుపక్కల గొర్రెలు మిగిలిన ఒకే ఒక్క ఊళ్లో పడేశారు.

ధౌలా కువాన్‌లో బస్సు మారి, రెండో బస్సులో చివరిదాకా వెళ్లి, అక్కడి నుంచి షేర్ ఆటోలో ఇరుక్కుని చేరాల్సిన చోటు అది. ఒకపక్క ఆవాల చేలు, ఇంకోపక్క లేస్తున్న టవర్లు. మధ్యలో మా పశువుల ఆసుపత్రి: రెండు గదులు, ఒక వేపచెట్టు, పశువును నిలబెట్టే ఇనుప చట్రం, ఒక కాంపౌండరు.

ఆ కాంపౌండరు గురించి చెప్పకుండా ముందుకు పోలేను. అదే ఊరివాడు, రిటైర్మెంటుకు దగ్గరపడినవాడు. కుర్రతనంలో ఏదో గేదె తన్నితే ముందు పళ్లన్నీ పోయాయట. వాటి బదులు కట్టుడు పళ్ల సెట్టు ఉండేది. ఆఫీసర్లు వచ్చినప్పుడు పెట్టుకునేవాడు, మిగతా వేళల్లో చొక్కా జేబులో ఉంచుకునేవాడు. అదేమిటని అడిగితే, "సాబ్, అది పెట్టుకుంటే తిట్లు సరిగా పలకవు" అనేవాడు. తిట్లు నిజంగా బాగా తిట్టేవాడు. పశువును మాత్రం ఒక్క మాట అనేవాడు కాదు.

ఒక దసరా వెళ్లాక ఒక పెద్దామె గొర్రెను లాక్కుంటూ మా గేటులోకి వచ్చింది. ఊళ్లో అందరూ ఆమెను తాయీ అని పిలిచేవారు, పెద్దమ్మా అన్నట్టు. నేనూ అలాగే పిలిచాను. భర్త పోయాక మందను ఆమే మేపుకుంటోంది. మరిది ఒకడున్నాడు, టవర్లకు ఇసుక తోలే పని అతనిది. మంద మీద సగం మాట అతనిదే. ఆమె మాట్లాడేది హర్యాన్వీ. కానీ నాకు ఆమె మాటలు మా ఊరి తెలుగులోనే గుర్తున్నాయి, అలాగే రాస్తున్నాను.

"డాగ్దర్, దీని పండ్లకు మందియ్యి" అంది.

నోరు తెరిచి చూశాను. చిగుళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పళ్లు చిగుళ్లలోంచి బయటికి జారి పొడుగ్గా కనిపిస్తున్నాయి. సందుల్లో గడ్డి ఇరుక్కుని కుళ్లు వాసన వస్తోంది. వేలితో కదిపితే అన్నీ కదిలాయి. ముసలి గొర్రె అనుకున్నాను.

"ఎన్ని ఈతలు ఈనింది తాయీ?"

"ఒక్కటే. దీని తల్లినే నిరుడు పండ్లు జూసి అమ్మేసిన. ఇది దాని బిడ్డ. ఇది ముసల్దెట్లయితది?"

"ఇసుంటివి ఎన్నున్నయి?"

"సగం మంద ఇట్లనే ఉంది" అని, ఆమె గొర్రె మెడ వదిలేసి వేపచెట్టు కింద కూర్చుంది.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఏటా చలికాలం ముందు ప్రతి గొర్రె పెదవి కిందికి లాగి చూస్తారు. ముందు పన్ను ఊడితే అది ముసలిది. చలిలో మేయలేదు, పాలివ్వదు, పిల్లను సాకదు. వ్యాపారి టెంపో ఎక్కించాల్సిందే. మా తాతదీ ఇదే పద్ధతి. కాలేజీలో నాకు చెప్పిందీ దాదాపు ఇదే. కాబట్టి ఆమె ముందు నేను పెద్ద తెలివైనవాడినేమీ కాదు.

ఆ ఏడు పద్ధతి ప్రకారం పోతే మందలో సగం టెంపో ఎక్కాలి. మిగతా సగానికి ఒక మనిషి రోజంతా తిరగడం దండగ, మొత్తం తోలేద్దాం అన్నాడట మరిది. కొత్త టవర్లో ఆమెకు ఇంటి పని కూడా మాట్లాడిపెట్టాడు.

"ఒకరి గిన్నెలు నేను తోమ. అది తక్కువ పనని కాదు. మందెనక తిరిగిన కాళ్లియి, నాలుగు గోడల నడుమ నిలవయి. మంద పోతే నేను గూడ పోయినట్టే" అంది తాయీ. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

ఇలా ఎందుకయింది అని మీరడుగుతారు. నాకు ఇప్పటికీ సూటిగా తెలియదు. మేత నేల తగ్గిపోయి, ఇసుక కుప్పల మధ్య నేలకు కరుచుకున్న గడ్డి కొరకడం వల్ల కావచ్చు. చిగుళ్లలో దూరే సూక్ష్మజీవుల వల్ల కావచ్చు. రెండూ కలిసి కూడా కావచ్చు. శాంపిళ్లు పంపుతామని పై అధికారికి ఫోన్ చేస్తే ఆయన, "ఢిల్లీలో గొర్రెలున్నాయా?" అని అడిగారు. ఉన్నాయన్నాను. "ఠీక్ హై" అని పెట్టేశారు.

మేం చేయగలిగింది చేశాం. ఇంజక్షన్లు వేశాం. కాంపౌండరు పటిక నీళ్లతో చిగుళ్లు కడిగాడు, రెండుసార్లు వేలు కొరికించుకున్నాడు. వాపు తగ్గింది గానీ పళ్లు గట్టిపడలేదు. ఒక్కొక్కటిగా రాలుతూనే ఉన్నాయి.

అప్పుడు నాకు మా ఆవిడ పళ్లు చూపించుకునే డాక్టరమ్మ గుర్తొచ్చింది. కరోల్ బాగ్‌లో చిన్న క్లినిక్ నడిపేది. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. వాళ్లమ్మ నర్సుగా వచ్చి ఢిల్లీలోనే ఉండిపోయింది. ఈ అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగినా వాళ్లమ్మ మాటతీరంతా పట్టేసింది.

నేను సంగతి చెప్పగానే, "గొర్రెకి పయోరియానా అంకుల్? మీరు నన్ను ఆటపట్టిస్తన్నారు కదూ" అంది.

"నిజమే డాక్టరమ్మా. మనుషుల చిగుళ్లు, వాటి చిగుళ్లు ఒక్కతీరుగనే ఉన్నయి. మీరొక్కసారి వచ్చి జూడాలె."

"ఆదివారం చర్చి ఉంటదండీ. ఆ వాసనేసుకుని చర్చికెళ్తే మా మమ్మీ బయటే నిలబెట్టిద్ది."

"చర్చి అయినంకనే రండి. మీ పాస్టరుగారు రోజు చెప్పేది గొర్రెల గురించే గద, మీరు జూసొచ్చి ఆయనకు చెప్పొచ్చు."

నవ్వింది. ఆదివారం తెల్ల కోటు, చేతి తొడుగులు, ఒక పెట్టె నిండా పనిముట్లతో నిజంగానే వచ్చింది. గొర్రెను కుర్చీలో కూర్చోబెట్టే వీలు లేదు కాబట్టి తనే నేల మీద మోకాళ్లేసి కూర్చుంది. మొదట పేరుకున్న గార గీకింది. తర్వాత ఆమె ఏం చేసిందో చెబితే మీరు నవ్వుతారు, నవ్వండి. మనుషుల కదిలే పళ్లను సన్నటి తీగతో ఒకదానికొకటి కట్టి నిలబెడతారట. ఆ మొదటి గొర్రెకు ఆమె అదే చేసింది. ఎంతో ఓపిగ్గా, నాలుక బయటపెట్టుకుని, ఎనిమిది పళ్లనూ తీగతో అల్లింది.

ఊరంతా చూడటానికి వచ్చింది. బడి పిల్లల పళ్లకు క్లిప్పులు వేసినట్టు ఆ గొర్రె పెదవి ఎత్తితే తీగ తళతళలాడింది. కాంపౌండరు జేబులోంచి తన సెట్టు తీసి చూపించి, "డాక్టర్ దీదీ, తీగెందుకు, ఇది పెట్టేయండి దానికి, నాకెలాగూ పనికిరాదు" అన్నాడు.

"నీకు పని చేయనిది దానికేం చేసిద్ది భయ్యా" అని ఆమె తల ఎత్తకుండానే అంది. తాయీ ముసుగు పళ్లతో కరిచిపట్టుకుని నవ్వడం ఆ రోజే చూశాను.

ఒక వారం పోయాక ఆ గొర్రె తుమ్మ కంప పట్టి లాగింది. తీగ కంపకు చిక్కుకుంది. తీగతో పాటు పళ్లు కూడా వచ్చేశాయి. రెండు మిగిలితే అవీ తర్వాత రాలిపోయాయి. డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "సారీ అంకుల్. అది కంప పీకుద్దని నాకు తట్టలేదు" అంది. నాకూ తట్టలేదని చెప్పాను. గొర్రెల మధ్య పుట్టినవాణ్ణి, నాకైనా తట్టాల్సింది.

నోరు మానేదాకా ఆ గొర్రెను మందతో పంపకుండా తాయీ తన గుడిసె దగ్గర కట్టేసింది. కూరగాయల మార్కెట్టులో పారేసే బఠానీ తొక్కలు, తన చేత్తో కత్తిరించిన పచ్చిగడ్డి పెట్టేది. కొన్నాళ్లకు నేను చూడటానికి వెళితే గొర్రెను గుర్తుపట్టలేకపోయాను. ముందు ఒక్క పన్ను లేదు. అయినా ఒళ్లు చేసింది. నెమరు వేస్తూ నన్ను తీరిగ్గా చూస్తోంది.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో భోజనానికి కూర్చున్నాం. కాంపౌండరు సెట్టు జేబులో ఉంది. రొట్టెను చేత్తో చిన్న ముక్కలుగా తుంచుకుని, బుగ్గ వెనక్కి నెట్టుకుని, కమ్మగా నములుతున్నాడు. ఆయన అలా తినడం నేను కొన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాను. ఆ రోజు మాత్రం నా ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

ముందు పళ్లది తెంపే పని. నమిలే పని వెనక ఉన్న దవడ పళ్లది. తెంపి ఇచ్చే చేయి ఉంటే ముందు పళ్లు లేకపోయినా కడుపు నిండుతుంది. ఆ గొర్రె దవడ పళ్లు బాగానే ఉండి ఉంటాయి. మా తాతలూ వాళ్ల తాతలూ, నాకు చదువు చెప్పినవాళ్లూ పెదవి లాగి ముందు పళ్లు చూశారు గానీ, నేను ఎరిగినంతలో ఎవరూ బుగ్గ తడమలేదు. బయట మేపే మందకు ఆ లెక్క సరిపోయేది. మేత నేలే లేని చోట ఎందుకు సరిపోవాలి?

ఇదంతా కాంపౌండరుకు చెప్పాను. ఆయన నమలడం పూర్తి చేసి, "అంటే నేను ఇంకా పనికొస్తానన్నమాట" అన్నాడు. తర్వాత, "గేదెలు అమ్మేశాక మా ఇంట్లో గండాసా ఊరికే తుప్పు పడుతోంది" అన్నాడు. గండాసా అంటే చేత్తో తిప్పి గడ్డి ముక్కలు చేసే యంత్రం.

టెంపో వచ్చిన రోజు బాగా పొగమంచు. మరిది ఉన్నాడు, వ్యాపారి ఉన్నాడు. డాక్టరమ్మ తన క్లినిక్ మూసుకుని వచ్చింది. నేను మరిదికి విషయం చెప్పాను: ముందు పళ్లు కాదు, దవడ పళ్లు చూసి చెబుతాను, బాగున్నవి ఉంచండి, చెడినవి పంపండి.

అతను చెడ్డవాడు కాదు. అతనికీ వదిన గురించి బెంగ ఉంది. "సాబ్, వచ్చే చలి చాలా గట్టిగా ఉంటది. మీరు ఉంచుకొమ్మన్నవి చచ్చిపోతే? టవర్లో పని మళ్లీ దొరకదు. ఆ బాధ్యత మీదేనా?" అని అడిగాడు.

"నాదే" అన్నాను.

పని మొదలుపెట్టాం. కాంపౌండరు ఒక్కొక్క గొర్రెనూ పట్టుకునేవాడు. నేను ఎదురుగా వంగి, రెండు బొటనవేళ్లతో రెండు బుగ్గలూ బయటి నుంచి నొక్కుతూ పళ్ల వరస తడిమేవాణ్ణి. దవడ ఎముక కింద గడ్డలున్నాయేమో చూసేవాణ్ణి. నోరు వాసన చూసేవాణ్ణి. అనుమానం వస్తే డాక్టరమ్మ టార్చితో లోపల చూసేది. వరస సమంగా ఉండి, నొక్కితే గొర్రె తల లాక్కోకపోతే, "రఖ్ లో" అనేవాణ్ణి, ఉంచుకో అని. డాక్టరమ్మ దాని వీపు మీద గేరు మట్టితో ఎర్ర గీత గీసేది. బాగా లేకపోతే ఏమీ అనేవాణ్ణి కాదు. కాంపౌండరు దాన్ని టెంపో వైపు వదిలేవాడు.

రఖ్ లో. రఖ్ లో. పళ్లు లేనివి, ఒకటి రెండు మిగిలినవి, వంకర తిరిగినవి, అన్నీ ఎర్ర గీతతో అటువైపు చేరుతున్నాయి. మధ్యమధ్య కొన్ని టెంపో వైపు పోయాయి. మొదట నవ్విన వ్యాపారి తర్వాత బీడీ ముట్టించుకుని దిగులుగా చూశాడు.

చివరికి గంట కట్టిన గొర్రె వచ్చింది. మందకు ముందు నడిచేది అదే. తాయీ పిలిస్తే మొదట తలెత్తేది అదే. దాని ముందు పళ్లు చక్కగా ఉన్నాయి. పాత పద్ధతిలో అయితే దానికి ఢోకా లేదు. కుడి బుగ్గ మీద వేలు పెట్టగానే విలవిల్లాడి వెనక్కి గుంజుకుంది. బుగ్గలో నమలలేని గడ్డి ముద్ద గట్టిగా పేరుకుని ఉంది. దవడ ఎముక ఉబ్బి ఉంది. లోపల చీము. డాక్టరమ్మ టార్చి వేసి చూసి, నా వైపు చూసి, టార్చి ఆర్పేసింది.

నేనేమీ అనలేదు. అందరికీ అర్థమైంది.

"మళ్ల జూడు" అంది తాయీ.

మళ్లీ చూశాను. నా బాధ్యత అన్నాను కదా, ఆమె ముఖం చూసి అబద్ధం చెబితే మిగతావాటికి నేను చెప్పింది కూడా అబద్ధమైపోతుంది. తల అడ్డంగా ఊపాను. నొప్పితో ఉంది, తిండి తినలేకపోతోంది, ఎముకదాకా పోయింది, నా దగ్గర మందు లేదని చెప్పాను.

ఆమె దాని మెడ పట్టుకుని కాసేపు నిలబడింది. "దీన్ని టెంపో ఎక్కియ్య. నీ చేతులతోనే పంపియ్యి" అంది.

గుడిసె వెనక్కి తీసుకెళ్లాం. తల ఆమె ఒళ్లో పెట్టుకుంది. నొప్పి లేకుండా ప్రాణం పోయే సూది నేను వేశాను. ఆమె గంట విప్పి, కళ్లు తుడుచుకుని, మందలోకి వచ్చి, తీగ వేయించుకుని పళ్లన్నీ పోగొట్టుకున్న మన గొర్రె మెడలో కట్టింది. దానికి ఆ బరువు కొత్త కాబట్టి తల విదిలించింది, గంట మోగింది. మంద అటు తిరిగింది.

ఆ చలికాలం నేను సరిగా నిద్రపోలేదు. వారానికి ఎన్నోసార్లు ఏదో వంకతో గుడిసె వైపు వెళ్లేవాణ్ణి. గండాసా చప్పుడు దూరం నుంచే వినిపిస్తే మనసు కుదుటపడేది. మరిది తిప్పుతుండేవాడు, తాయీ గడ్డి అందిస్తుండేది. కొన్ని పోయాయి. అన్నీ బతికాయని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. కానీ ఎర్ర గీతలవి చాలావరకు హోలీ చూశాయి, పిల్లల్ని పెట్టాయి. తాయీ ఎవరి గిన్నెలూ తోమలేదు.

కాంపౌండరు రిటైరైన రోజు సన్మానానికి సెట్టు పెట్టుకుని వచ్చి, అందరినీ తిట్టలేక తిట్టలేక ఆశీర్వదించాడు. ఇప్పుడు లేడు. నేను వేరే చోట్లకు బదిలీ అయ్యాను, రిటైరయ్యాను. ఆ వైపు లేచిన టవర్లలోనే ఒక దాంట్లో ఫ్లాట్ తీసుకున్నాం. కిటికీలోంచి చూస్తే ఆవాల చేలు లేవు. పాత ఆసుపత్రి ఎక్కడుండేదో మా ఆవిడకు చూపించాలని ప్రయత్నించి నేనే తికమకపడ్డాను. ఆ వేపచెట్టు కూడా కనిపించలేదు. అప్పుడప్పుడు ఆ రెండు గదుల కోసం మనసు పీకుతుంది.

ఈ మధ్య నా చిగుళ్లు పాడయ్యాయి. మా డాక్టరమ్మే నా ముందు పళ్లు తీసేసింది. ఆమె జుట్టూ నెరిసింది. "తీగ కట్టమంటారా అంకుల్?" అని అడిగింది. ఇద్దరం నవ్వుకున్నాం. కొత్త పళ్లు పెట్టించుకోవడానికి నాకింకా మనసు రాలేదు. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాణ్ణి. పార్కుకు వెళ్లడం మానేశాను. పని అయిపోయింది, పళ్లూ అయిపోయాయి, ఇక నేను దేనికి అని మా ఆవిడను విసిగించేవాణ్ణి.

మొన్న ఆమె పోరు పడలేక ఇద్దరం మురుగుకాలువ పక్క బాటన నడుస్తుంటే గంట వినిపించింది. గొర్రెలు కొన్నే. వాటి వెనక కర్ర పట్టుకుని, బాగా వంగిపోయి, తాయీ. పక్కన మరిది కొడుకు పచ్చిగడ్డి మోపు మోస్తున్నాడు. ఆమె నన్ను చూసింది. నేను ఆనందం పట్టలేక నోరంతా తెరిచి నవ్వాను. అప్పుడు గుర్తొచ్చి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

తాయీ కర్రను మా ఆవిడ చేతికిచ్చింది. నా చెయ్యి పక్కకు తీసేసింది. రెండు బొటనవేళ్లతో నా రెండు బుగ్గలూ బయటి నుంచి నొక్కుతూ ముందు నుంచి వెనకదాకా తడిమింది. దవడ కింద కూడా చూసింది. నేను తల లాక్కోలేదు.

తర్వాత మా ఆవిడ వైపు తిరిగి కర్ర తీసుకుంటూ, "రఖ్ లో" అంది.